నాలుగు పెన్నీల మంచం

మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర హత్యల గురించి మాట్లాడుకోవడం మామూలే. కంగారు పడకండి, మా వారికి యూట్యూబ్‌లో పాత కేసుల వీడియోలు చూసే అలవాటు, అంతే. చారు పోసుకుంటూ "వాడు కచ్చితంగా డాక్టరే అయ్యుంటాడోయ్" అని మొదలుపెడతారు. మా అత్తగారు "అన్నం దగ్గర ఆ శవాలేంట్రా" అని విసుక్కుంటూనే ఒక చెవి ఇటే పెడతారు. నేనేమీ తక్కువ తినలేదు. బి.ఏ. తెలుగులో ప్రబంధాలు చదివానని నలుగురికీ చెప్పుకుంటాను గానీ, అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవల కొత్తది కనిపిస్తే ఆ రోజు మనుచరిత్ర పక్కకి వెళ్ళిపోయేది.

మా వారు "వాడు" అనేది జాక్ ది రిప్పర్‌ని. పేరు మీరూ వినే ఉంటారు. 1888లో ఆగస్టు ఆఖరు నుంచి నవంబరు 9 వరకు లండన్ తూర్పు వైపున్న వైట్‌చాపెల్‌లో, ఆ చుట్టుపక్కల అయిదుగురు ఆడవాళ్ళని ఒకడే చంపాడని ఎక్కువమంది నమ్మకం. పోలీసు ఫైల్లో మొత్తం పదకొండు హత్యలున్నాయి, వాటిలో ఏవి వాడివి, ఏవి కావు అన్నది ఇప్పటికీ తేలలేదు. వాడెవడో కూడా తేలలేదు. నూట ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. అనుమానితుల జాబితా మాత్రం వంద దాటింది. అందులో బారిస్టరు ఉన్నాడు, మంగలి ఉన్నాడు, విక్టోరియా రాణి మనవడున్నాడు, చిత్రకారుడు సికర్ట్ ఉన్నాడు, చివరికి 'ఆలిస్' కథలు రాసిన లూయీ కారల్‌ని కూడా వదల్లేదు. మనవైపు పెళ్ళిసంబంధాల పేరయ్య దగ్గర కూడా ఇంతమంది వరులుండరు.

జనానికి ఈ పిచ్చి ఎందుకు పట్టుకుందా అని నాకు చాలాకాలం అనిపించేది. అంతకంటే ఘోరాలు చాలా జరిగాయి కదా! తర్వాత చదివితే తెలిసింది, సగం మహత్యం ఆ పేరుదే. పేరు లేని హంతకుణ్ణి జనం నాలుగు నెలల్లో మర్చిపోతారు. 1888 సెప్టెంబరు ఆఖర్లో లండన్‌లోని ఒక వార్తాసంస్థకి ఎర్రసిరాతో రాసిన ఉత్తరం ఒకటి వచ్చింది. కింద 'జాక్ ది రిప్పర్' అని సంతకం. అది హంతకుడు రాసింది కాదు, ఎవడో పత్రికవాడి పనే అని పెద్ద పోలీసు అధికారులే తర్వాత రోజుల్లో అన్నారు. అయితేనేం, పేరు అతుక్కుపోయింది. ఆ సంవత్సరమే జనవరిలో 'ది స్టార్' అని అరపెన్నీ సాయంకాలం పేపరు మొదలైంది. కొత్తగా చదువు నేర్చిన జనం, చౌక పేపరు, రోజుకో భయం. ఇంకేం కావాలి? ఆ తర్వాత జాక్ పేరుతో ఉత్తరాలు వందల్లో వచ్చిపడ్డాయి. హత్య జరిగిన ఒక పెరట్లోకి తొంగిచూడనివ్వడానికి పక్కిళ్ళవాళ్ళు డబ్బులు వసూలు చేశారు. అంటే టికెట్టు పెట్టడం అన్నది ఆ వారమే మొదలైపోయిందన్నమాట.

ఆ టికెట్టు ఈనాటికీ నడుస్తోంది. నేను స్వయంగా కొన్నాను మరి.

మా అమ్మాయి లండన్‌లో ఎమ్మెస్సీ చేస్తూ ఈస్ట్ హామ్‌లో గది తీసుకుని ఉండేది. ఆ పేటలో మనవాళ్ళు ఎక్కువ, కరివేపాకుకి కూడా లోటుండదు. పోయిన వేసవిలో నేనూ మా వారూ వెళ్ళినప్పుడు, ఈయన అడిగిన మొదటి కోరిక బకింగ్‌హామ్ పేలెస్ కాదు, వైట్‌చాపెల్. ఈస్ట్ హామ్ నుంచి అదే రైలు మార్గం, మారక్కర్లేదు. స్టేషన్ బయట బోర్డు మీద బెంగాలీలో కూడా ఊరి పేరు ఉంది. ఎదురుగా సంత. బెండకాయలు, అరటికాయలు, చీర ముక్కలు. నాకు విజయవాడ వన్‌టౌన్‌కి వచ్చినట్టే అనిపించింది, భయం ఎక్కడా లేదు.

సాయంత్రం ఏడున్నరకి ఆ 'రిప్పర్ నడక'. ఆల్డ్‌గేట్ దగ్గర ముప్ఫైమంది దాకా పోగయ్యాం. అప్పటికింకా ఎండ పోలేదు. గైడు కుర్రాడు మంచి మాటకారి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. మా హరికథ దాసుగారిలాగే పొట్టి విరామాలు ఇచ్చాడు. ప్రతి మలుపులోనూ ఒక ఫొటో చూపించాడు. అవన్నీ శవాగారంలో తీసిన ఫొటోలు. ఆ ఆడవాళ్ళవి బతికున్నప్పటి ఫొటోలు దాదాపు లేవు. పేదవాళ్ళని ఎవరు ఫొటో తీస్తారు?

రెండో చోట అనుకుంటాను, ఆయన వయసులు చెప్పాడు. పాలీ నికల్స్ 43. ఆనీ చాప్మన్ 47. ఎలిజబెత్ స్ట్రైడ్ 44. కేథరిన్ ఎడోస్ 46. ఆఖరావిడ మేరీ కెల్లీ ఒక్కర్తే పాతికేళ్ళ పిల్ల.

నేను నడవడం ఆపేశాను. సినిమాల్లో చూసి చూసి నా బుర్రలో ఉన్నది లిప్‌స్టిక్ వేసుకుని దీపస్తంభం కింద నుంచున్న ఇరవై ఏళ్ళ అమ్మాయిలు. వీళ్ళు చూస్తే నా ఈడువాళ్ళు! మోకాళ్ళ నొప్పులు మొదలయ్యే వయసు. పిల్లలు పెళ్ళికి ఎదిగే వయసు. "ఆవిడకి పిల్లలున్నారా?" అని మా అమ్మాయి చేత అడిగించాను. "ఉన్నారు, చాలామంది" అని నవ్వేసి ఆయన అనుమానితుల దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచి మా వారికి పండగే.

ఇంటికొచ్చాక నేను పిల్లల సంగతి పట్టుకున్నాను. మా అమ్మాయి హాలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి రాసిన 'ది ఫైవ్' తెచ్చిపెట్టింది. 2019లో వచ్చిన పుస్తకం. హంతకుడి ఊసెత్తకుండా ఆ అయిదుగురి బతుకులే రాసిందావిడ. అప్పటి విచారణలో సాక్షులు చెప్పిన మాటలు కూడా పేపర్లలో అచ్చయినవి దొరుకుతాయి. రెండు నెలలు నాకు అదే పని. వంటయ్యాక మధ్యాహ్నం నిద్ర మానేసి మరీ చదివాను.

పాలీ నికల్స్ ఒక ప్రింటింగు ప్రెస్సు పనివాడి భార్య. అయిదుగురు పిల్లలు. పనివాళ్ళ కోసం పీబడీ అనే ధర్మసంస్థ కట్టించిన శుభ్రమైన క్వార్టర్సులో ఉండేవాళ్ళు. అంటే మనలాంటి గృహిణే. 1880లో మొగుడూ పెళ్ళాం విడిపోయారు. పురుడు పోయడానికొచ్చిన నర్సుతో అల్లుడు తిరిగాడని ఆవిడ తండ్రి చెప్పాడు. కాదు, ఆవిడ తాగుడే కారణమని భర్త చెప్పాడు. ఎవరిది నిజమో మనకెందుకు గానీ, తర్వాత జరిగింది చూడండి. భర్త వారానికి అయిదు షిల్లింగులు ఇచ్చేవాడు. రెండేళ్ళు పోయాక, ఆవిడ వేరే మగవాడితో ఉంటోందని తెలిసి ఆపేశాడు. చట్టం కూడా ఆయన పక్షమే. భార్య తప్పు చేసిందని రుజువైతే మనోవర్తి ఇవ్వక్కర్లేదు. విడాకుల్లోనూ అంతే. భార్య దారి తప్పిందంటే భర్తకి ఆ ఒక్క కారణం చాలు. భర్త దారి తప్పితే మాత్రం భార్యకి అది చాలదు, దానికి తోడు కొట్టడమో వదిలేసి పోవడమో కూడా చూపించాలి.

ఇది చెప్తుంటే మా అత్తగారు బియ్యంలో రాళ్ళేరుతూ అడిగారు. "అర్ధరాత్రి దానికి వీధిలో ఏం పనే?"

మంచం అద్దె అత్తయ్యా, అన్నాను.

అప్పట్లో వైట్‌చాపెల్‌లో ఇల్లు లేనివాళ్ళకి రాత్రికి అద్దె మంచాలుండేవి. మంచానికి నాలుగు పెన్నీలు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు. లెక్క వేసి చూశాను. ఆ అయిదు షిల్లింగులు వస్తున్నప్పుడు వారానికి 60 పెన్నీలు. మంచానికి 28 పోతే 32 మిగులుతాయి, ఏడు రోజుల తిండికీ బట్టకీ. గుట్టుగా గడిచిపోతుంది. అవి ఆగిపోతే ప్రతి సాయంత్రం నాలుగు పెన్నీల వేట. ఆ రాత్రి పాలీ దగ్గర అవి లేవు. ఆ రోజు మూడుసార్లు మంచం డబ్బులు సంపాదించి మూడుసార్లూ ఖర్చు పెట్టేశానని తోటి మనిషితో చెప్పింది. తాగేసింది. అవును. వసతిగృహం వాళ్ళు బయటికి పంపించేస్తే, తలమీది కొత్త టోపీ చూపించి, డబ్బులు సంపాదించుకొస్తా, నా మంచం ఎవరికీ ఇవ్వకండి అన్నట్టుగా చెప్పి వెళ్ళిందట. తెల్లారుజామున మూడూ నలభైకి బక్స్ రో అనే వీధిలో దొరికింది. ఆ వీధి పేరు కూడా తర్వాత మార్చేశారు.

"పుట్టింటివాళ్ళు లేరా?" అన్నారు అత్తగారు.

ఉన్నారు. అదే నన్ను ఎక్కువ కలచింది. తండ్రి ఇంట్లో కొన్నాళ్ళుంది. తాగుడు గురించి మాటా మాటా అనుకుని వచ్చేసింది. చనిపోయిన సంవత్సరమే, ఒక ఇంట్లో పనికి కుదిరి, ఇల్లు బాగుంది, మనుషులు మంచివాళ్ళు, మీరంతా ఎలా ఉన్నారంటూ తండ్రికి ఉత్తరం రాసింది. తర్వాత ఆ ఇంట్లో బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. దేవత కాదు. శవాన్ని గుర్తుపట్టడానికొచ్చిన భర్త, ఇలా చూశాక, నువ్వు నాకు చేసిందంతా క్షమిస్తున్నాను అన్నాడట. మా అత్తగారు చేటలోంచి తలెత్తి "ఈయన క్షమించాడా!" అన్నారు. మళ్ళీ రాళ్ళేరడంలో పడిపోయారు. ఎనభై ఏళ్ళ ఆవిడ, ఆ ముక్క ఎలా అన్నారో నేను రాయలేను, మీరు వినాలి.

ఆనీ చాప్మన్‌ది ఇంకో రకం. ఆవిడ భర్త గొప్పింటివాళ్ళ బండి తోలేవాడు, విండ్సర్ దగ్గర కాపురం. పన్నెండేళ్ళ పెద్దకూతురు మెదడువాపు వచ్చి పోయింది. కొడుకు అవిటివాడు. తాగుడు ఆవిడకీ ఉంది. విడిపోయాక భర్త వారానికి పది షిల్లింగులు పంపేవాడు. 1886 క్రిస్మస్‌కి ఆయన పోయాడు, డబ్బు ఆగింది. ఆవిడ క్రోషే అల్లికలు అల్లి అమ్ముకునేది, పూలమ్మేది. ఆ సెప్టెంబరులో ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తుల్లో, మెదడు పొరల్లో జబ్బు ముదిరి ఉందని పోస్టుమార్టంలో డాక్టరు చెప్పాడు. ఆవిడకీ ఆ రాత్రి మంచం డబ్బులు తక్కువే. ఎలిజబెత్ స్ట్రైడ్ స్వీడన్ నుంచి వచ్చిన పల్లెటూరి పిల్ల, భర్తతో కలిసి కాఫీ హోటలు నడిపిన మనిషి. చనిపోయే రోజు వసతిగృహంలో గదులు తుడిచి ఆరు పెన్నీలు సంపాదించింది. మేరీ కెల్లీ గురించి నిజంగా తెలిసింది చాలా తక్కువ. ఉన్నదంతా ఆవిడ తన స్నేహితుడికి చెప్పుకున్న కథ.

వీళ్ళంతా ఒళ్ళమ్ముకునేవాళ్ళే అని అప్పటి పోలీసులు అనుకున్నారు, పేపర్లు రాశాయి. ముగ్గురి విషయంలో దానికి సరైన రుజువే లేదంటుంది రూబెన్‌హోల్డ్. ఆ మాట అన్నందుకు ఈ కేసుని ఏళ్ళతరబడి తవ్వుతున్న పెద్దమనుషులు కొంతమంది ఆవిడ మీద విరుచుకుపడ్డారు. నాకైతే ఆవిడ కొన్నిచోట్ల తన వాదనకోసం కొంచెం లాగిందేమో అనిపించింది. ఆకలేసిన మనిషి నాలుగు పెన్నీల కోసం ఏ రాత్రి ఏం చేసిందో తీర్పు చెప్పడానికి ఎవరి దగ్గర కాగితాలున్నాయి? కానీ హంతకుడు ఫలానా రాజుగారి మనవడంటే ఓపిగ్గా వినే జనానికి, చచ్చిపోయినావిడ క్రోషే అల్లేది అంటే కోపం ఎందుకు రావాలో నాకు అర్థం కాలేదు.

కాదు, కొంచెం అర్థమైంది. మా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడ ఉండేది. జాకెట్లకి కాజాలు కుట్టేది, హుక్కులు వేసేది. మొగుడు వదిలేశాడు. సత్రం వెనక గదిలో ఒక్కర్తే ఉండేది. ఒకరోజు కాలవలో తేలింది. ఎవరు చేశారో, అసలు ఎవరైనా చేశారో లేదో తేలలేదు. మా ఊళ్ళో పదేళ్ళు ఆ కథ నడిచింది. రైసుమిల్లు గుమాస్తా అన్నారు, సినిమాహాలు బుకింగు కుర్రాడన్నారు, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో మా మేనమామలు కలిస్తే కొత్త పేరొకటి బయటికొస్తుంది. మా అమ్మ ఒకసారి ఆ మాటల మధ్యలో, "ఆవిడ కాజా కుడితే దారం చివర కనిపించేది కాదు" అంది. ఎవరూ అందుకోలేదు. మళ్ళీ రైసుమిల్లు దగ్గరికే వెళ్ళారు. ఆ కథలో ఆడమనిషికి చేతులుంటే, ఆ చేతులకి ఓ పని వచ్చి ఉంటే, కథ చెప్పడం కష్టమైపోతుంది.

ఆ సంవత్సరమే బెర్నార్డ్ షా 'ది స్టార్' పేపరుకి వెటకారంగా ఉత్తరం రాశాడు. మేమంతా సభలు పెట్టి తూర్పు లండన్ పేదరికం గురించి మొత్తుకుంటే వినిపించుకోని పెద్దమనుషులు, ఎవడో ఒకడు నలుగురు ఆడవాళ్ళని చంపగానే మేలుకున్నారని దాని సారాంశం. మేలుకున్న మాట నిజమే. కానీ ఎక్కడిదాకా? 2015లో ఆ పక్కనే కేబుల్ స్ట్రీట్‌లో ఒక మ్యూజియం తెరిచారు. అనుమతి అడిగినప్పుడు తూర్పు లండన్ ఆడవాళ్ళ చరిత్ర మ్యూజియం అన్నారు. తెర తీస్తే జాక్ ది రిప్పర్ మ్యూజియం! ఆ పేట ఆడవాళ్ళు వీధిలోకి వచ్చి నిరసన చేశారు. మా వారు అక్కడికి కూడా వెళ్దామన్నారు. మీరు వెళ్ళండి, నేను సంతలో బెండకాయలు కొనుక్కుంటానన్నాను. చివరికి ఆయనా బెండకాయల సంచీ పట్టుకునే వచ్చారు లెండి.

ఇప్పుడు కేథరిన్ ఎడోస్ గురించి. ఆవిడ దగ్గరికి రావడానికే ఇంత రాశాను.

ఈవిడ శవం పక్కన దొరికిందని చెప్పే ఒక పట్టు శాలువా మీద డీఎన్ఏ తీసి, హంతకుడు దొరికేశాడని 2014లో ఒకాయన పుస్తకం వేశాడు, 2019లో ఒక సైన్సు పత్రికలో వ్యాసం కూడా వచ్చింది. మా వారు ఆ రాత్రి భోజనం సగంలో లేచి మరీ నాకా వార్త చదివి వినిపించారు. ఆ శాలువా అసలు అక్కడ దొరికినదేనా అన్నదానికి గట్టి ఆధారం లేదు, పోలీసులు రాసుకున్న వస్తువుల పట్టికలో అది లేదు. సైన్సు నాకు తెలీదు గానీ ఇల్లు నడపడం తెలుసు. తనతో ఉంటున్న మనిషి బూట్లు తాకట్టు పెట్టి ఆ డబ్బుతో టీపొడి, పంచదార కొనుక్కున్న మనిషికి, పట్టు శాలువా ఉంటే బూట్ల జోలికెందుకు వెళ్తుంది? ముందు శాలువానే వెళ్ళేది.

ఆ పట్టిక నేను ఎన్నిసార్లు చదివానో. ఆవిడకి ఇల్లు లేదు కాబట్టి ఇల్లంతా ఒంటిమీదే మోసేది. చిన్న రేకుడబ్బాలో టీపొడి. ఇంకో డబ్బాలో పంచదార. సబ్బు ముక్కలు ఆరు. దువ్వెన. తెల్లపిడి కత్తి. చెంచా. ఎర్ర ఫ్లానెల్ గుడ్డకి గుచ్చిన సూదులు, గుండుసూదులు. పురికొస ఉండ. గుడ్డపేలికలు పన్నెండు. అవి ఎందుకో మనకి వేరే చెప్పక్కర్లేదు. విరిగిన కళ్ళజోడు ముక్క. ఒక్క చేతికి వేసుకునే ఎర్ర తొడుగు. ఇవి కాక నడుముకి కట్టుకున్న పాత ఏప్రన్. హంతకుడు అందులో ఒక ముక్క కోసుకుపోయి దగ్గర్లో ఇంకో వీధిలో పారేశాడు. ఆ రాత్రి వాడు ఎటు వెళ్ళాడో చెప్పే ఒకే ఒక్క ఆనవాలు, వంటింటి గుడ్డ.

ఆవిడా జాన్ కెల్లీ అనే అతనూ కెంట్‌లో హాప్ కోతలకి కూలికి వెళ్ళి వచ్చారు. చేతిలో ఏమీ మిగల్లేదు. శనివారం మధ్యాహ్నం, కూతురి దగ్గర నాలుగు డబ్బులు అడిగి తెస్తానని బయల్దేరింది. కూతురు ఇల్లు మారిపోయింది. తల్లి డబ్బులడుగుతుందనే కొత్త చిరునామా చెప్పలేదని ఆ పిల్లే విచారణలో చెప్పుకుంది. రాత్రి ఎనిమిదిన్నరకి ఎక్కడో తాగి రోడ్డు మీద పడి ఉంటే పోలీసులు స్టేషనుకి తీసుకెళ్ళారు. పేరేంటంటే "ఏమీ లేదు" అంది. ఒంటిగంటకి మత్తు దిగిందని వదిలేశారు. ముప్పావుగంటలో మైటర్ స్క్వేర్‌లో దొరికింది.

ఎవరో తెలీదు. రెండు రోజులు పేరు లేకుండానే ఉంది. ఆవిడ దగ్గరే ఒక ఆవపిండి డబ్బా ఉంది, అందులో రెండు తాకట్టు చీట్లు. ఒకటి ఆ బూట్లది. రెండోది, దారిలో కలిసిన ఒక స్నేహితురాలు తనకొద్దని ఇచ్చిన చొక్కాది. ఆ చీటీల మీది పేర్లు పేపర్లో పడ్డాయి. మంగళవారం జాన్ కెల్లీ అది చదివి స్టేషనుకి వెళ్ళి, ఆ చీటీ నాకు తెలుసు, ఆ బూట్లు నావి, ఆమె మా కేట్ అయ్యుంటుంది అని చెప్పాడు.